చూచినది చూచినట్లు

ఉద్దేశం

పూర్వుల చేతివ్రాతలు, చిత్రాలు శిథిలమైపోక ముందే వాటికి నమ్మదగిన ఛాయాచిత్ర ప్రతులను సిద్ధం చేయవలసిన అవసరాన్ని, ఆ పనిలో పాటించవలసిన పద్ధతులను విద్యార్థులకు తెలియజేయడం. మూలాన్ని ఉన్నది ఉన్నట్లుగా గ్రహించే నిజాయితీ పట్ల ఆదరం కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగం

పూర్వం గ్రంథానికి ప్రతి వ్రాసిన లేఖకుడు చివరి ఆకు మీద తన మాటగా కొన్ని వాక్యాలు చేర్చేవాడు. ఏ సంవత్సరంలో, ఏ మాసంలో, ఏ తిథినాడు, ఎవరి కోసం వ్రాశాడో తెలిపేవాడు. నడుము వంచి, మెడ వంచి ఎంత శ్రమపడ్డాడో చెప్పుకొని, గ్రంథాన్ని నీటి నుండి, నూనె నుండి, అజాగ్రత్తపరుల చేతి నుండి కాపాడవలసిందిగా వేడుకొనేవాడు. అన్నిటికంటె ముఖ్యంగా, తాను చూచిన ప్రతిలో ఎట్లున్నదో అట్లే వ్రాశాననీ, దోషాలుంటే పెద్దలు మన్నించాలనీ విన్నవించేవాడు. ఇట్టి చివరి మాటకు ‘పుష్పిక’ అని పేరు.

నేడు ఆ లేఖకుని స్థానంలో కెమెరా పట్టిన వ్యక్తి నిలిచి ఉన్నాడు. గంటం పోయి కటకం వచ్చింది. సాధనం మారినా ప్రమాణం మారలేదు. మూలంలో ఉన్నదాన్ని తగ్గించక, లేనిదాన్ని చేర్చక, చూచినది చూచినట్లు భావితరానికి అందించడమే ఆనాటి లేఖకుని ధర్మం. ఈనాటి ఛాయాగ్రాహకుని ధర్మం కూడా అదే.

ఒక సున్న కథ

ఈ ధర్మం తప్పితే ఏమవుతుందో నాకు అనుభవపూర్వకంగా తెలుసు. దాదాపు ముప్పై ఏండ్ల కిందట నేను ఒక చంపూకావ్యం మీద పరిశోధన చేస్తున్నాను. దాని తాళపత్ర ప్రతి చాలా పెళుసుబారి ఉండడంచేత గ్రంథాలయంవారు ఆకులను మాటిమాటికి చేతికి ఇవ్వలేక, ఛాయాచిత్రాల ముద్రణలను ఇచ్చారు. వాటిని ఇంటికి తెచ్చుకొని చదువుతూ ఉండగా ఒక వచనభాగంలో ‘నంది’ అనే మాట కనిపించింది. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకొని, కవికి గల శైవాభిమానాన్ని గురించి రెండు పుటల చర్చ వ్రాశాను.

మా ఆచార్యులవారు ఆ పుటలు చదివి, “ఈ సున్న ఆకు మీద చూచావా నాయనా, బొమ్మలో చూచావా?” అని ఒకే ఒక ప్రశ్న వేశారు. బొమ్మలో చూచానన్నాను. “అయితే వెళ్ళి ఆకు చూచి రా” అన్నారు. మరునాడు గ్రంథాలయానికి వెళ్ళి, అధికారి సమక్షంలో ఆ ఆకును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి చూశాను. సున్న లోపలి నుండి వెలుగు వచ్చింది! అది అక్షరం కాదు. పురుగు తొలిచిన రంధ్రం. కవి వ్రాసినది ‘నది’. ఆకు కింద తెల్లకాగితం పరచి బొమ్మ తీసినందువల్ల రంధ్రం తెల్లగాను, దాని అంచు నల్లగాను పడి అచ్చంగా సున్నలా కనిపించింది. అది పద్యమై ఉంటే గణభంగమైనా నన్ను హెచ్చరించేది. వచనం కావడంచేత ఆ రక్షణ కూడా లేకపోయింది.

ఛాయాచిత్రం అబద్ధం చెప్పదని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. వెలుతురును, వెనుక పరచిన కాగితాన్ని సరిగా ఎంచుకోకపోతే అది కూడా అపపాఠాలను పుట్టిస్తుందని ఆనాడు తెలుసుకొన్నాను. ఆ రెండు పుటలనూ కొట్టివేశాను.

ప్రతి లేకపోతే గతి లేదు

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ప్రతులు తీయడం ఎందుకు? మూలం శాశ్వతం కాదు కనుక. తాటాకు, కాగితం, గుడ్డ, గోడమీది రంగు ఇవన్నీ గాలికి, తేమకు, చెదలకు, అగ్నికి లోబడినవే. పాత ఆకు శిథిలం కాక ముందే కొత్త ఆకు మీదికి ఎక్కించిన లేఖకుల పరంపర వల్లనే మన ప్రాచీన కావ్యాలు నిలిచాయి. 19వ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) కడపలో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి వేర్వేరు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. ఆయన సేకరణ నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది.

చిత్రాల విషయంలో అజంతా చరిత్ర మనకు గొప్ప పాఠం. నేడు మహారాష్ట్రలో ఉన్న ఆ గుహలు ఆనాడు హైదరాబాదు సంస్థానంలోనివి. 1844లో ఈస్టిండియా కంపెనీ అక్కడి కుడ్యచిత్రాలకు ప్రతులు వేయడానికి రాబర్ట్ గిల్ అనే సైనికాధికారిని నియమించింది. ఆయన ఏండ్ల తరబడి శ్రమించి వేసిన పటాలలో అధికభాగం లండన్‌లోని క్రిస్టల్ పాలెస్‌లో 1866లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ఆ తరువాత బొంబాయి కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుండి పటాలు వేయించగా, వాటిలో కూడా పెక్కు 1885లో లండన్‌లోనే మంటల పాలయ్యాయి. అన్ని ప్రతులను ఒకేచోట ఉంచరాదన్న సత్యం దీనివల్ల స్పష్టమవుతుంది.

చేతితో వేసిన ప్రతికి మరొక పరిమితి ఉన్నది. చిత్రకారుడు ఎంత నిష్ఠతో వేసినా అతని కన్ను, అతని అలవాటు ఆ పటంలోకి వస్తాయి. అందుచేత హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖను నిర్వహించిన గులాం యజ్దానీ, ఛాయాచిత్రాల ఆధారంగా సిద్ధం చేసిన ప్రతులతో అజంతా చిత్రాలను నాలుగు భాగాలుగా 1930–1955 మధ్య వెలువరించారు. అంతకు ముందు, 1920 తరువాతి సంవత్సరాలలో, ఇటలీ నిపుణులు ఆ చిత్రాలను కాపాడదలచి వాటిపై లక్క ద్రావణం పూశారు. సదుద్దేశంతో పూసిన ఆ పూత కాలక్రమాన పసుపెక్కి, చిత్రాల సహజవర్ణాలను మరుగుపరచింది. ఒక కాలంలో రంగు ఎట్లున్నదో తెలియాలంటే ఆ కాలంలో తీసిన నమ్మకమైన ప్రతి ఉండాలి. జీర్ణోద్ధరణ చేసేవారికి అదే సాక్ష్యం.

వెలుతురు, నిలుపు

తాళపత్రం, పటం, పాత ఉత్తరం, దేశపటం వంటి సమతలంగా ఉండే వస్తువులకు బొమ్మ తీయడం సులభమని తోస్తుంది. ముఖానికి బొమ్మ తీసేటప్పుడు వెలుగునీడలు అందాన్నిస్తాయి; ఇక్కడ ఒక మూల వెలుగు, మరొక మూల నీడ ఉంటే అది దోషమే అవుతుంది. చతురస్రం చతురస్రంగానే రావాలి. నాలుగు మూలలు ఒకే స్పష్టతతో ఉండాలి.

మొదటి నియమం: కెమెరా ముఖతలం, వస్తువు ఉపరితలం పరస్పరం సమాంతరంగా ఉండాలి. వస్తువును బల్లమీద ఉంచి, కెమెరాను దృఢమైన స్తంభానికి బిగించి నిట్టనిలువుగా కిందికి చూచేటట్లు అమర్చాలి. సమాంతరంగా ఉన్నదో లేదో తెలుసుకొనేందుకు ఒక చక్కని ఉపాయం ఉన్నది. వస్తువు ఉంచే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలో చూడాలి. కటకం ప్రతిబింబం సరిగ్గా నడుమ కనిపిస్తే అమరిక సరిగా ఉన్నట్లు. పక్కకు తొలగితే కెమెరా ఒరిగినట్లు.

రెండవ నియమం: రెండు సమాన దీపాలను ఇరువైపుల, సమాన దూరంలో, సుమారు 45 డిగ్రీల కోణంలో నిలపాలి. వెలుతురు సమంగా పడుతున్నదో లేదో పరీక్షించడానికి బల్లమధ్య ఒక పెన్సిలును నిలువుగా పట్టుకోండి. దాని నీడలు రెండు పక్కలా ఒకే నిడివితో, ఒకే నలుపుతో ఉంటే వెలుతురు సమంగా ఉన్నట్లు. కిటికీ వెలుతురు, గదిలోని ఇతర దీపాలు ఈ వెలుతురుతో కలియకూడదు. రకరకాల వెలుతురులు కలిస్తే ఒకే రంగు రెండు చోట్ల రెండు విధాలుగా కనిపిస్తుంది.

మూడవ నియమం: మెరుపును అణచాలి. వార్నిష్ పూసిన పటాలు దీపకాంతిని అద్దంవలె ప్రతిఫలిస్తాయి. కాంతి ధ్రువణం అనేది భౌతికశాస్త్ర విషయం. దీపాల ముందు ఒక దిశలో, కెమెరా ముందు దానికి లంబ దిశలో ధ్రువణ ఫిల్టర్లు అమరిస్తే మెరుపు మాయమై రంగులు తేటపడతాయి. అయితే తంజావూరు చిత్రాలలోని బంగారు రేకుకు మెరుపే ప్రాణం. దానిని పూర్తిగా అణచివేస్తే బంగారం నల్లబడి కనిపిస్తుంది. అక్కడ కొంత మెరుపును ఉండనీయాలి. తిరుమల సంకీర్తన భాండారంలో దొరికిన తాళ్ళపాకవారి రాగిరేకుల వంటి వాటికి కూడా ప్రత్యేక శ్రద్ధ కావాలి. నియమాన్ని ఎరగడంతోపాటు, దానిని ఎక్కడ సడలించాలో కూడా ఎరిగి ఉండాలి.

ఇక తాటాకు సంగతి వేరు. దానిమీద అక్షరాన్ని గంటంతో గీసి, ఆ గాటులో మసి పట్టిస్తారు. మసి రాలిపోయిన ఆకుమీద సమకాంతిలో ఏమీ కనిపించదు. అప్పుడు దీపాన్ని ఒక పక్కన, దాదాపు ఆకు తలానికి తగిలేంత తక్కువ ఎత్తులో పెడితే ప్రతి గాటులోను నీడ నిలిచి అక్షరాలు లేచి వస్తాయి. మసిలోని కర్బనం పరారుణ కాంతిని గ్రహిస్తుంది. అందుచేత మరక పట్టి కంటికి ఆనని మసి అక్షరాలు పరారుణ కెమెరాకు చిక్కవచ్చు. రంధ్రాలున్న ఆకుకు వెనుక నుండి వెలుతురు పంపి మరొక బొమ్మ కూడా తీయాలి. ఆ ఒక్క బొమ్మ ఆనాడు ఉండి ఉంటే నా ‘నంది’ పుట్టేది కాదు.

వీటన్నిటికంటె ముందు వస్తువు క్షేమం చూడాలి. వంగిన ఆకును బలవంతంగా అణచితే పుటుక్కున విరిగిపోతుంది. ఆకులను స్కానరు గాజు కింద నొక్కడం కంటె, తాకకుండా పైనుండి తీసే కెమెరాయే మేలు. వెలుతురు కూడా హాని చేసేదే. ఆ హాని కొద్దికొద్దిగా పేరుకొంటుంది, తిరిగి పూడదు. అందుచేత వేడి తక్కువగా, అతినీలలోహిత కిరణాలు లేకుండా ఉండే దీపాలను ఎంచుకొని, బొమ్మ తీసేంతసేపు మాత్రమే వెలిగించాలి.

రంగు, కొలత

ఒకే ఎరుపు ఒక కంప్యూటరు తెరమీద కుంకుమలా, మరొకదానిమీద ఇటుకలా కనిపిస్తుంది. ఏది నిజమో తేల్చే సాక్షి బొమ్మలోనే ఉండాలి. దానికే వర్ణఫలకం వాడతారు. ఇరవైనాలుగు గళ్ళతో, ప్రతి గడి రంగు ముందే నిర్ణయించబడి ఉండే ఫలకం 1976 నుండి ప్రచారంలో ఉన్నది. దానిని, ఒక కొలబద్దను వస్తువు పక్కన ఉంచి బొమ్మ తీస్తే, నూరేండ్ల తరువాత చూచేవారికి సైతం అసలు రంగు, అసలు పరిమాణం తెలుస్తాయి.

బొమ్మలో ఎంత వివరం ఉండాలన్నది లెక్కకు సంబంధించినది. డిజిటల్ బొమ్మ పిక్సెళ్ళు అనే సూక్ష్మబిందువుల సమూహం. మూలంలోని ప్రతి అంగుళానికి 400 బిందువులు ఉండాలని నిశ్చయించుకొన్నామనుకోండి. 15 అంగుళాల తాటాకుకు పొడవునా 6,000 బిందువులు కావాలి. 6,000 × 4,000 బిందువుల కెమెరా, అంటే 2 కోట్ల 40 లక్షల బిందువులది, ఆ ఆకుకు సరిగ్గా సరిపోతుంది. 18 అంగుళాల ఆకుకు 7,200 కావాలి కనుక, కొంత భాగం రెండింటిలోను కలిసి వచ్చేటట్లు రెండు బొమ్మలు తీసి జతపరచాలి. 24 × 36 అంగుళాల పటానికి అంగుళానికి 300 చొప్పున లెక్కిస్తే 7,200 × 10,800, అంటే దాదాపు 7 కోట్ల 78 లక్షల బిందువులు అవుతాయి.

ఇట్లు తీసిన మూలప్రతిని ఏ సమాచారమూ నష్టపోని ‘టిఫ్’ వంటి రూపంలో దాచాలి. ‘జేపెగ్’ రూపం పరిమాణాన్ని తగ్గించడానికి కొంత సమాచారాన్ని వదలివేస్తుంది. అది చదువరులకు పంపే ప్రతికి చాలు. భద్రపరచే ప్రతికి చాలదు.

నేటి పుష్పిక

వేయి బొమ్మలు తీసి వాటికి పేర్లు పెట్టకపోతే అవి సూత్రం తెగి చెదరిన ఆకులే. ప్రతి బొమ్మ పేరులోను గ్రంథసంఖ్య, ఆకు సంఖ్య, ఆకు ఏ వైపో ఉండాలి. ఖాళీ ఆకుకు కూడా బొమ్మ తీయాలి. అది లేకపోతే ఒక ఆకు పోయిందేమోనన్న సందేహం చదువరికి మిగిలిపోతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ కెమెరాతో, ఏ వెలుతురులో తీశారో, మూలం ఎవరి అధీనంలో ఉన్నదో వ్రాసి చేర్చాలి. లేఖకుని పుష్పిక చేసిన పనినే ఈ వివరాలు చేస్తాయి.

ఆపైన ప్రతిని కనీసం మూడు చోట్ల ఉంచాలి. రెండు వేర్వేరు రకాల సాధనాలపై దాచి, ఒకదానిని వేరే ఊరిలో ఉంచడం ఉత్తమం. ఫైళ్ళు చెడిపోలేదని అప్పుడప్పుడు పరీక్షించి, పాతబడిన సాధనం నుండి కొత్తదానికి మార్చుతూ ఉండాలి. శిథిలమవుతున్న ఆకు నుండి కొత్త ఆకుకు ఎక్కించిన లేఖకుని పని ఈ రూపంలో కొనసాగుతున్నది. భారత ప్రభుత్వం 2003లో జాతీయ లిఖితప్రతుల సంస్థను ప్రారంభించి, 2025లో ‘జ్ఞాన భారతం’ పేరిట కోటికి పైగా లిఖితప్రతులను లక్ష్యంగా పెట్టుకొన్నది. అయితే ఇంటి అటకమీద, దేవుని గదిలో, పెట్టె అడుగున ఉన్న కట్టలను మొదట గుర్తించవలసినవారు ఆ ఇంటివారే.

దిద్దరాని చోట దిద్దరాదు

కంప్యూటరులో మరక చెరపడం, చిరిగిన అంచు అతకడం, వెలిసిన రంగు పెంచడం నేడు క్షణాల పని. ఆ ప్రలోభాన్ని జయించాలి. మరకకు, రంధ్రానికి, లేఖకుడు కొట్టివేసిన మాటకు కూడా చరిత్ర ఉన్నది. చదవడానికి అనుకూలంగా స్పష్టపరచిన ప్రతిని వేరుగా సిద్ధం చేయవచ్చు. దానిలో ఏమి మార్చారో చెప్పి, మూలప్రతిని మాత్రం ముట్టకుండా ఉంచాలి. ప్రాచీన గ్రంథాలను పరిష్కరించే పండితుడు తన సవరణను మూలంలో కలపక అధోజ్ఞాపికలో చూపడం కూడా ఈ నీతివల్లనే.

అనుమతి మరొక ధర్మం. చేర్యాల నకాషీ చిత్రకారుని పటానికి గాని, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుని వస్త్రానికి గాని బొమ్మ తీసి అచ్చువేయాలంటే ఆ కళాకారుని అంగీకారం పొందాలి. అతని పేరు వేయాలి. మన దేశంలో చిత్రకారుని హక్కు అతని జీవితకాలం, ఆపైన అరవై సంవత్సరాలు ఉంటుంది.

చివరగా ఒక మాట. ఎంత గొప్ప ఛాయాచిత్రమైనా ఆకు వాసనను, బరువును, వేలికి తగిలే గాటును ఇవ్వలేదు. బొమ్మ తీశాం కదా అని మూలాన్ని ఉపేక్షించరాదు. నా సందేహాన్ని చివరకు తీర్చింది ఆకే. ఆకును మాటిమాటికి తాకే అవసరం తప్పించి దాని ఆయుష్షును పెంచేది బొమ్మ. బొమ్మ మీద సందేహం కలిగినపుడు తీర్పు చెప్పేది ఆకు. రెండింటినీ కాపాడుకొన్న జాతికి తన మాట తనకు దక్కుతుంది. మీ ఇంట ఒక పాత కట్ట కనిపిస్తే, దానిని విప్పే ముందు ఆ అజ్ఞాత లేఖకుని విన్నపాన్ని ఒక్కసారి తలచుకోండి.

కఠినపదాలు – అర్థాలు

గంటం : తాటాకు మీద వ్రాసే ఇనుప సాధనం
కటకం : లెన్సు
పుష్పిక : గ్రంథం చివర లేఖకుడు వ్రాసే మాట
అపపాఠం : తప్పు పాఠం
చంపూకావ్యం : గద్యపద్యాలు కలిసిన కావ్యం
కుడ్యచిత్రం : గోడమీది చిత్రం
జీర్ణోద్ధరణ : శిథిలమైనదానిని బాగుచేయడం
అధోజ్ఞాపిక : పుట అడుగున వ్రాసే వివరణ
సూత్రం : ఆకులను కూర్చే దారం

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. సమతల వస్తువులకు ఛాయాచిత్రం తీయడంలో పాటించవలసిన నియమాలను వివరించండి.
2. ప్రాచీన లేఖకునికి, నేటి ఛాయాగ్రాహకునికి గల పోలికలను పాఠం ఆధారంగా తెల్పండి.

II. ఈ కింది ప్రశ్నలకు నాలుగు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. రచయిత ‘నది’ అనే మాటను ‘నంది’గా ఎందుకు చదివారు?
2. అజంతా చిత్రాల ప్రతుల చరిత్ర మనకు నేర్పే పాఠం ఏమిటి?
3. ఖాళీ ఆకుకు కూడా బొమ్మ ఎందుకు తీయాలి?

III. సందర్భసహిత వ్యాఖ్య వ్రాయండి.
1. ఈ సున్న ఆకు మీద చూచావా నాయనా, బొమ్మలో చూచావా?
2. గంటం పోయి కటకం వచ్చింది.

IV. విడదీసి సంధి పేరు తెల్పండి.
గ్రంథాలయం, జీర్ణోద్ధరణ, శైవాభిమానం, సదుద్దేశం

V. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెల్పండి.
తాళపత్రం, గణభంగం, అగ్నిప్రమాదం, వెలుగునీడలు

VI. చేసి చూడండి.
మీ ఇంటిలోని ఒక పాత ఉత్తరానికి గాని, పటానికి గాని పెన్సిలు నీడ పరీక్ష జరిపి బొమ్మ తీయండి. దానికి తగిన పుష్పికను ఐదు వాక్యాలలో వ్రాయండి.